సీటు చేతికొచ్చింది... అప్పు ఎక్కడ చేయాలి?

బి.ఎస్సీ. నర్సింగులో అమ్మాయికి సీటు వచ్చిందన్న కబురు అందిన రోజు ఇంటిల్లిపాదికీ సంబరమే. మర్నాటి నుంచి దిగులు మొదలవుతుంది. ఫీజు గడువు తరుముకొస్తుంటుంది. చేలో పంట ఇంకా కోతకు రాదు. అప్పుడు కౌలు రైతుకైనా, కూలీకైనా ముందుగా గుర్తొచ్చేది ఊళ్ళో వడ్డీ వ్యాపారి గడపే. ప్రామిసరీ నోటు మీద సంతకం పెడితే సాయంత్రానికల్లా డబ్బు చేతికొస్తుంది. బ్యాంకుకు వెళితే కాగితాలు, తిరుగుడు. అయితే ఆ ఒక్క సాయంత్రపు సుఖానికి ఎన్నేళ్ళు బాకీ మోయాలో ముందుగా లెక్క వేసుకునే వారు తక్కువ.

రూపాయల వడ్డీ, శాతం వడ్డీ

పల్లెల్లో వడ్డీని నూటికి నెలకు ఇన్ని రూపాయలని చెప్పుకుంటారు. బ్యాంకులో ఏడాదికి ఇంత శాతమంటారు. ఈ రెండు లెక్కలూ కలవకపోవడంతోనే చాలామంది మోసపోతున్నారు. “రెండు రూపాయల వడ్డీయే కదా” అనుకున్నది ఏడాదికి 24 శాతం. మూడు రూపాయలంటే 36 శాతం. బ్యాంకు వారి 10 శాతాన్ని ఊరి లెక్కలోకి మారిస్తే నూటికి నెలకు 83 పైసలు మాత్రమే.

నాలుగేళ్ళ కోర్సుకు ఏటా లక్ష రూపాయల చొప్పున 4 లక్షలు కావాలనుకుందాం. చదువు ముగిసిన ఏడాది తర్వాత బాకీ ఎంతవుతుంది? 10 శాతం బారువడ్డీ అయితే వడ్డీ 1,40,000 రూపాయలు, మొత్తం 5,40,000. రెండు రూపాయల వడ్డీ అయితే, చక్రవడ్డీ వేయకపోయినా, వడ్డీయే 3,36,000. మొత్తం 7,36,000 రూపాయలు.

బ్యాంకు బాకీని పదేళ్ళలో తీర్చాలంటే నెల వాయిదా సుమారు 7,140 రూపాయలు. వ్యాపారి దగ్గర 4 లక్షల అసలు మీద నెల వడ్డీయే 8,000. అంటే ఇక్కడ వాయిదా కడుతూ పోతే బాకీ తీరిపోతుంది, అక్కడ అంతకంటే ఎక్కువ కట్టినా అసలు అలాగే ఉంటుంది. బ్యాంకు రేటు బ్యాంకును బట్టి మారుతుంది కనుక రెండు మూడు శాఖల్లో విచారించుకోవడం మంచిది. ఆడపిల్లలకు చాలా బ్యాంకులు అర శాతం వరకు తగ్గిస్తున్నాయి.

పొలం కాగితాలు అక్కర్లేదు

“మాకు సెంటు భూమి లేదు, బ్యాంకు వాళ్ళు ఇస్తారా?” అన్నది తరచు వినబడే సందేహం. బ్యాంకుల సంఘం 2001లో రూపొందించిన నమూనా విద్యారుణ పథకం ప్రకారం 4 లక్షల వరకు తాకట్టు గాని, మూడో మనిషి జామీను గాని అవసరం లేదు. సొంత వాటాగా కొంత పెట్టుకోవాలన్న నిబంధన కూడా లేదు. తల్లి గాని, తండ్రి గాని విద్యార్థితోపాటు సంతకం చేస్తే సరిపోతుంది. కేంద్రం 2015లో తెచ్చిన పూచీ నిధి వల్ల ఏడున్నర లక్షల వరకు తాకట్టు లేకుండా ఇచ్చే వీలు కలిగింది. ఫీజుతోపాటు హాస్టలు, పుస్తకాలు, పరీక్ష ఫీజులకు కూడా ఈ రుణం వర్తిస్తుంది. చదువు ముగిశాక ఏడాది వరకు వాయిదా కట్టనక్కర్లేదు. ఆ తర్వాత గరిష్ఠంగా 15 ఏళ్ళలో తీర్చవచ్చు.

వడ్డీ ప్రభుత్వమే కడుతుంది

కుటుంబ ఆదాయం ఏడాదికి నాలుగున్నర లక్షలకు మించని వారికి మరో మేలుంది. 2009–10 నుంచి అమలులో ఉన్న పథకం కింద, వృత్తి, సాంకేతిక కోర్సులు చదివేవారికి చదువుకాలంలోను, ఆపై ఏడాదిలోను పడే వడ్డీని కేంద్రమే భరిస్తుంది. పై లెక్కలో 1,40,000 రూపాయలు మిగిలినట్లే. అప్పుడు కట్టవలసింది 4 లక్షల అసలు మీదనే. నెల వాయిదా 5,290కి దిగుతుంది. నమూనా పథకం కింద బ్యాంకు ఇచ్చిన రుణానికే ఈ రాయితీ. వ్యాపారి అప్పుకు, బంగారం మీద తెచ్చిన అప్పుకు రాదు.

ఒక మెలిక ఉంది. 2018 నుంచి కాలేజీకి నాక్ గుర్తింపు గాని, కోర్సుకు ఎన్.బి.ఎ. గుర్తింపు గాని ఉండాలి. వాటి పరిధిలోకి రాని నర్సింగు కోర్సులకు నర్సింగు కౌన్సిల్ అనుమతి ఉండాలి. కనుక సీటుకు డబ్బు కట్టకముందే ఆ కాగితం చూపమని కాలేజీ వారిని అడగాలి. చదువు మధ్యలో మానేసిన వారికి కూడా రాయితీ ఉండదు.

2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పి.ఎం. విద్యాలక్ష్మి పథకం కింద, ఎంపిక చేసిన పేరున్న విద్యాసంస్థల్లో మెరిట్ మీద చేరేవారికి హామీదారు లేకుండా రుణం ఇస్తారు. 8 లక్షల వరకు ఆదాయమున్న వారికి 3 శాతం వడ్డీ రాయితీ కూడా ఉంది. దరఖాస్తు విద్యాలక్ష్మి వెబ్‌సైటులో పెట్టుకోవాలి.

బ్యాంకు మేనేజరు కాదంటే?

సీటు కేటాయింపు పత్రం, కాలేజీ ఇచ్చిన ఫీజుల పట్టిక, మార్కుల జాబితాలు, ఆధార్, తహసీల్దారు కార్యాలయం ఇచ్చే ఆదాయ ధ్రువపత్రం సిద్ధంగా ఉంచుకోవాలి. “మీ ఊరు మా పరిధిలోకి రాదు” అన్న సాకుతో విద్యారుణ దరఖాస్తును తిప్పి పంపరాదని రిజర్వు బ్యాంకు 2012లోనే బ్యాంకులకు చెప్పింది. నోటి మాటతో తిరిగి రాకుండా, దరఖాస్తుకు రసీదు, నిరాకరిస్తే కారణం రాతపూర్వకంగా అడగాలి. జిల్లా లీడ్ బ్యాంకు మేనేజరుకు చెప్పుకోవచ్చు. బ్యాంకుకు రాసి నెల రోజులైనా జవాబు లేకుంటే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు.

సంతకానికి ముందు

బ్యాంకు అప్పు కూడా అప్పే. బిడ్డతోపాటు తండ్రీ బాకీదారే. వాయిదాలు తప్పితే ఆ మచ్చ ఇద్దరికీ పడుతుంది. రేపు పంట రుణానికి వెళ్ళినా అడ్డు తగలవచ్చు. అందుచేత ఫీజు రీయింబర్సుమెంటు, స్కాలర్‌షిప్పు ఎంత వస్తాయో ముందు తేల్చుకుని, మిగిలినదానికే అప్పు చేయాలి. ఇస్తున్నారు కదా అని పూర్తి మొత్తం తీసుకోకూడదు. రాయితీ రానివారు చదువుకాలంలోనే నెలనెలా వడ్డీ కట్టుకుంటే తర్వాత భారం తగ్గుతుంది.

ఆ కోర్సు చదివిన వారికి మొదట్లో ఎంత జీతం వస్తున్నదో అదే కాలేజీలో చదివి బయటకు వచ్చిన పిల్లలను అడిగి తెలుసుకోవాలి. ఆ జీతంలో తిండికి, అద్దెకు పోను వాయిదా కట్టగలిగితేనే ఆ అప్పు బిడ్డ చదువుకు ఆసరా. లేకుంటే తండ్రి పొలానికి ఎసరు.