యజమాని పక్షపు వకీలు
పనివారి నష్టపరిహార వ్యాజ్యములలో అతడు చేయగల పని, చేయరాని పని

ధాన్యపు మిల్లు పెట్టదలచిన సహకార సంఘము యంత్రపు వెలను, కరెంటు ఖర్చును, తవుడు ఊకల రాబడిని ముందుగానే లెక్కించుకొనును. ఆ యంత్రపు బెల్టులో పనివాని చేయి చిక్కుకొన్నచో ఆ నష్టమెవరు భరింపవలెనను లెక్క మాత్రము వేసికొనువారు అరుదు. అట్టి కీడు జరిగిన కొన్నాళ్లకు ఒక నోటీసు వచ్చును. అందులో సంఘము పేరు ఎదిరిపక్షముగా వ్రాయబడియుండును. నిన్నటివరకు మనలను మనము రైతులమనియు, సభ్యులమనియు తలచుకొనుచుంటిమి. ఆ కాగితము మనము యజమానులమని చెప్పును. అప్పుడు పాలకవర్గమువారు పట్టణమునకు పోయి వకీలును వెదకుదురు.

రైతు సోదరులారా! ఆ వకీలు మనకై చేయగల పని యేది, చేయరాని పని యేది యని తెలిసికొనుట సంఘమునకును, సంఘములో కష్టించు పనివానికిని గూడ మేలు. ట్రాక్టరు, బోరుబావి మోటారు, నూర్పిడి యంత్రము గలిగి కూలివారిని పెట్టుకొనిన ప్రతి రైతునకును ఇది వర్తించును. ఏలయన యంత్రశక్తితో సాగు చేయు పనియు, గొట్టపుబావి పనియు ఈ చట్టపు పట్టికలో చేర్చబడియున్నవి.

చట్టము పుట్టిన విధము

పూర్వము పనిలో దెబ్బ తగిలిన కూలివాడు సివిలు కోర్టుకు పోయి, తప్పు యజమానిదేయని ఋజువు చేయవలసియుండెను. ఇంగ్లండులో 1837లో ఒక మాంసపు వర్తకుని నౌకరు, మితిమించి బరువు వేసిన బండి విరిగి పడుటచే తొడ విరిగి, యజమానిపై దావా తెచ్చెను. కోర్టు యజమానికి బాధ్యత లేదనెను. ఆ తీర్పునుండి, తోటి పనివాని పొరపాటునకు యజమాని పూచీపడడను సూత్రము పెరిగినది. నీ అజాగ్రత్తయే కారణమనియు, అపాయము తెలిసియే పనిలో చేరితివనియు గూడ వాదింపవచ్చును. ఆ కాలమున యజమాని పక్షపు వకీలు పని మిక్కిలి సులభము.

జర్మనీ 1884లోను, ఇంగ్లండు 1897లోను వేరు త్రోవ పట్టినవి. యంత్రమునకు చమురు, బెల్టు ఎట్లు ఖర్చో, పనివానికి కలిగిన గాయమును ఆ పనియొక్క ఖర్చేయని ఆ చట్టములు తలచినవి. మన దేశమున 1923లో పనివారి నష్టపరిహారపు చట్టము చేయబడి, 1924 జూలై 1వ తేదీనుండి అమలులోనికి వచ్చెను. 2020లో చేసిన సామాజిక భద్రతా కోడు దీని స్థానమును పొంది, 2025 నవంబరు 21వ తేదీనుండి అమలులో నున్నది. పేరు మారినను మూలసూత్రము మారలేదు. పనివలన, పని జరుగుచుండగా, ప్రమాదముచే గాయము కలిగినచో యజమాని పరిహారమీయవలెను. తప్పెవరిదను ప్రశ్న అక్కరలేదు. విచారణాధికారము సివిలు కోర్టుకు గాక, ఇందుకై ప్రభుత్వము నియమించిన అధికారికి గలదు. పాత చట్టములో ఆయనను కమీషనరనిరి.

వకీలు మొదట అడుగు ప్రశ్నలు

ఇట్టి వకీలు కాగితములు చేతికి రాగానే నాలుగు ప్రశ్నలు వేయును. గాయపడినవాడు మన పనివాడా? ప్రమాదము పనివలన కలిగినదా? చట్టము మినహాయించిన కారణమేదైన గలదా? ఈయవలసిన మొత్తమెంత?

మొదటి ప్రశ్నకు పాలకవర్గములో ఎవరో యొకరు, "అతడు మన జీతగాడు కాడు, మేస్త్రీ తెచ్చిన కూలి యని వ్రాయింపుడు" అని సలహా చెప్పుదురు. ఈ వాదము నిలువదు. సంఘము సాధారణముగా చేయు వ్యాపారములో భాగమగు పనిని కంట్రాక్టరుకు ఒప్పగించినను, పరిహారము సంఘమే యిచ్చి, పిదప కంట్రాక్టరువద్ద రాబట్టుకొనవలెను. దినకూలి యని తప్పించుకొనుటకుండిన సందును గూడ 2000 నాటి సవరణ మూసివేసెను. అయితే పనివానికి ఈ.ఎస్.ఐ. పథకము వర్తించుచున్నచో అతని హక్కు ఆ పథకమునుండియే గాని, యజమానినుండి మరల రాదు. దీనిని వకీలు తప్పక విచారింపవలెను.

రెండవ ప్రశ్నలో నిజమైన వాదమునకు చోటు గలదు. పోరుబందరు సమీపమున ఉప్పు పనివారు 1952లో పని ముగించుకొని కాలువ దాటుచుండగా పడవ మునిగి కొందరు మరణించిరి. అది ఎల్లరు నెక్కు రేవుపడవ కావున పని సంబంధము అప్పటికే తీరినదని సుప్రీంకోర్టు 1958లో యజమాని పక్షమున తీర్పు చెప్పెను. ఓడపై పనిచేయుచు రాత్రివేళ కానరాకుండ పోయిన నావికుని వ్యాజ్యములో, మరణము పనివలన కలిగినదని చూపు భారము అర్జీదారులదేయని 1969లో చెప్పెను. కాని కాలము మారినది. చక్కెర కర్మాగారపు కావలివాడొకడు 2003లో తెల్లవారుజామున డ్యూటీకి పోవుచు దారిలో ప్రమాదమున మరణింపగా, పని వేళకును, ప్రయాణమునకును, ఆ చోటికిని సంబంధము కనబడుచుండుటచే పరిహారమీయవలసినదేయని 2025 జూలైలో సుప్రీంకోర్టు నిర్ణయించెను. కొత్త కోడులో గూడ ఇంటినుండి పనికి పోవు దారి, పనినుండి ఇంటికి వచ్చు దారి చేర్చబడినవి. కావున పాత తీర్పు నొక్కదానినే పట్టుకొని ధైర్యము చెప్పు వకీలు సంఘమునకు మేలు చేయువాడు కాడు.

మూడవది మినహాయింపులు. పనివాడు త్రాగిన మైకములో నుండుట, రక్షణకై స్పష్టముగా చేసిన ఆజ్ఞను కావలెనని మీరుట, రక్షణసాధనమును కావలెనని తొలగించుట, ఈ మూడింటిలో నొకటి ప్రమాదమునకు సూటియైన కారణమైనచో యజమాని తప్పుకొనవచ్చును. ఇందు రెండు మాటలు జ్ఞాపకముంచుకొనవలెను. మరణము గాని, సంపూర్ణమైన శాశ్వత వైకల్యము గాని కలిగినచో ఈ మినహాయింపులు పనికిరావు. అజాగ్రత్త వేరు, కావలెనని చేయుట వేరు. పని త్వరగా సాగుటకై బెల్టుపై తొడుగును మేనేజరే తీయించి, పిమ్మట పనివాడు తీసెనని చెప్పించుట వాదము కాదు, అబద్ధపు సాక్ష్యము.

లెక్కలోనే అసలు పని

యజమాని పక్షపు వకీలు సంఘపు సొమ్మును న్యాయముగా కాపాడగలది నాలుగవ ప్రశ్నలోనే. ఉదాహరణమునకు 30 ఏండ్ల వయస్సు, నెలకు 12,000 రూపాయల జీతము గల మిల్లు పనివానికి ఒక చేయి మణికట్టువద్ద పోయినదనుకొందము. 1923 చట్టపు పట్టికలో 30 ఏండ్లకు గుణకము 207.98. సంపూర్ణ వైకల్యమునకు జీతములో నూటికి 60 వంతులు, అనగా 7,200 రూపాయలు, ఈ గుణకముతో హెచ్చింపగా 14,97,456 రూపాయలు. ఒక చేయి పోవుటకు సంపాదనాశక్తిలో నూటికి 60 వంతుల నష్టమని పట్టిక చెప్పును. కావున ఈయవలసినది 8,98,474 రూపాయలు. అతడే మరణించియుండినచో, సగము జీతమును గుణకముతో హెచ్చింపగా 12,47,880 రూపాయలు ఆశ్రితులకు చెందును.

ఇప్పుడు వయస్సు 30 గాక 40 యని బడి కాగితము చూపినచో గుణకము 184.17 అగును. పరిహారము 7,95,614 రూపాయలకు తగ్గును. ఇట్లు తగ్గించుట పనివానికి అన్యాయము కాదు. అది నిజమైన లెక్క. దీనికి మారుగా, సంఘములో జీతాల రిజిష్టరు లేదనుకొందము. అర్జీలో జీతము 15,000 రూపాయలని వ్రాసినచో కాదనుటకు ఆధారముండదు. అప్పుడు మొత్తము 11,23,092 రూపాయలకు పోవును. ఒక రిజిష్టరు లేని లోపమునకు వెల 2,24,618 రూపాయలు! ఎంత గొప్ప ప్లీడరైనను లేని రిజిష్టరును తేజాలడు.

పట్టికను చూచి లెక్క ముగిసినదనుకొనుటయు పొరపాటే. 1975లో సుప్రీంకోర్టు ఎదుట ఒక వడ్రంగి వ్యాజ్యము వచ్చినది. ఎడమచేయి మోచేతికి పైన తీసివేయబడినది. ఒంటిచేత వడ్రంగము చేయజాలడు కావున అతని నష్టము సంపూర్ణమేయని కోర్టు అంగీకరించెను. శరీరములో ఎంత పోయినదని గాక, ఆ పనివానికి ఆ పనిలో ఎంత పోయినదని చూడవలెనన్న మాట. అందుచేత మంచి వకీలు వైద్యుని పత్రమును చదువుటతో ఆగక, గాయపడినవాడు దినదినము ఏ పని చేయుచుండెనో మేనేజరు నడిగి తెలిసికొనును.

ఆలస్యము అన్నింటికంటె ఖరీదు

అదే తీర్పు, పరిహారము ప్రమాదము జరిగిన దినముననే ఈయవలసినదగుననియు చెప్పెను. నెల దాటినచో నూటికి సాలుకు 12 వంతున వడ్డీ పడును. తగిన కారణము లేని ఆలస్యమునకు పరిహారములో సగమువరకు జరిమానా గూడ వేయవచ్చును. పై ఉదాహరణములో ఒక్క సంవత్సరము సాగదీసినచో వడ్డీ 1,07,817 రూపాయలు, జరిమానా 4,49,237 రూపాయలవరకు చేరి, మొత్తము 14,55,528 రూపాయలు కావచ్చును. బీమా కంపెనీ యున్నదిగదా యని కొందరు నిశ్చింతగా నుందురు. మోటారు బీమా గల వ్యాజ్యములలో కంపెనీ పరిహారమును, వడ్డీని ఈయవలెనే గాని, జరిమానా యజమానియే భరింపవలెనని 1997లో సుప్రీంకోర్టు తేల్చెను.

కావున నోటీసు వచ్చిన వారములోనే వకీలు చెప్పవలసిన మాట ఇది: "మీరు ఒప్పుకొన్నంత సొమ్ము ఇప్పుడే చెల్లింపుడు, తగవున్న భాగమునకే వాదింతము." చట్టమే ఇట్టి తాత్కాలికపు చెల్లింపును విధించినది. అప్పీలు తోచినంత సులభము గాదు. ముఖ్యమైన చట్టప్రశ్న యుండవలెను, యజమాని ముందుగా తీర్పు సొమ్మును డిపాజిటు చేయవలెను.

తెల్లకాగితపు రాజీలు

ఊరి పెద్దలు కూర్చుండి, గాయపడినవాని చేతిలో కొంత సొమ్ము పెట్టి, ఇకమీదట నాకేమియు రావలసినది లేదని వ్రేలిముద్ర వేయించుకొనుట తరచుగా జరుగుచుండును. అట్టి కాగితము చెల్లదు. హక్కును వదలుకొను ఒప్పందమును చట్టమే కొట్టివేయును. మరణించినపుడు పరిహారమును అధికారివద్దనే డిపాజిటు చేయవలెను. మూడు నెలల జీతమువరకు ముందుగా ఇచ్చినది తప్ప, భార్యాబిడ్డల చేతికి నేరుగా ఇచ్చినది లెక్కకు రాదు. పిమ్మట సంఘము మరల ఈయవలసివచ్చును. రాజీ చేయదలచినచో వ్రాతమూలకముగా చేసి రిజిష్టరు చేయింపవలెను. మొత్తము చాలదని గాని, మోసమున్నదని గాని తోచినచో అధికారి నిరాకరింపవచ్చును. ఈ త్రోవను చూపించు వకీలు రెండు కుటుంబములను కాపాడినవాడగును.

వకీలు కక్షిదారుని నోరు మాత్రమే కాడని బార్ కౌన్సిలు నియమములు చెప్పుచున్నవి. అన్యాయపు మార్గములకు పట్టుపట్టు కక్షిదారుని అతడు విడిచిపెట్టవలెను. గెలుపునుబట్టి ఫీజు కుదుర్చుకొనుటయు నిషిద్ధమే. కావున, "వానికి కాసైన రానీయను, తగ్గించినదానిలో నాకింత" అని బేరమాడువాని గడప దిగివచ్చుటయే మంచిది.

వకీలుకు ముందు మన పని

వ్యాజ్యము గెలుచుటగాని, ఓడుటగాని ప్రమాదమునకు ముందే చాలవరకు నిర్ణయమైపోవును. హాజరుపట్టీ, జీతాల రిజిష్టరు దినదినము వ్రాయవలెను. పనిలో చేర్చుకొనునపుడే వయస్సునకు ఆధారము తీసికొనవలెను. బెల్టులకు, చక్రములకు తొడుగులు వేయించి, రక్షణ నియమములను తెలుగులో వ్రాయించి గోడకు తగిలింపవలెను. బీమా పత్రములో మిల్లు పనివారును, ట్రాక్టరు తొట్టిలో నెక్కు కూలివారును చేరియున్నారో లేదో చదివి చూడవలెను. గడువు తప్పనీయరాదు. నష్టపరిహారపు హక్కును పనివానికి యజమానియే తెలుపవలెనని 2017లో చట్టము విధించినది. దీనిని మరువరాదు. ప్రమాదము జరిగినచో మొదట ఆస్పత్రికి, తరువాత బీమా కంపెనీకి, అధికారికి తెలుపవలెను. పిమ్మటనే వకీలు.

సంఘపు నిలవనిధి సభ్యులందరి చెమట. బెల్టులో పోయిన చేయి ఒక కుటుంబపు అన్నము. రెండును లెక్కకు రావలసినవే. ఆ లెక్క సరిగా చేసి, సరియైన మొత్తమును, సరియైన వారికి, ఆలస్యము లేక చేర్పించువాడే యజమాని పక్షపు మంచి వకీలు. అట్టివానికి చూపుటకు మన సంఘమున రిజిష్టరు గలదా యని రాబోవు సభలో ప్రతి సభ్యుడును అడుగుగాక!