అత్తారింటికి దారి కాన్సులేటు మీదుగా

గుడివాడ, బందరు, చల్లపల్లి, అవనిగడ్డ చుట్టుపక్కల పెళ్లిచూపుల్లో ఆడపిల్లవాళ్లు అడిగే ప్రశ్నల వరస మారి చాలాకాలమైంది. పొలం ఎన్నెకరాలన్నది వెనక్కి పోయింది. అబ్బాయి ఏ వీసా మీద ఉన్నాడు, అమ్మాయిని ఎప్పుడు తీసుకెళ్తాడు అన్నవి ముందుకొచ్చాయి. జవాబు చెప్పేవాళ్లకూ కొదవ లేదు. సంబంధం తెచ్చిన పెద్దమనిషి చెబుతాడు, జిరాక్స్ షాపతను చెబుతాడు, డాలస్‌లో తోడల్లుడున్న పక్కింటాయన చెబుతాడు. వీళ్లలో అబద్ధమాడేవాళ్లు తక్కువ. పదేళ్ల కిందట తమవాళ్లకు జరిగిందే ఇప్పుడూ జరుగుతుందనుకునేవాళ్లే ఎక్కువ. ఆ పదేళ్లలో రూల్సు మారిపోయాయి. కింద చెప్పే లెక్కలు 2025 చివరి నాటివి.

"గ్రీన్‌కార్డు సంబంధం అండి, పెళ్లవగానే తీసుకెళ్లిపోతాడు"

కట్నాల లెక్కలో హెచ్‌1బీ కంటే గ్రీన్‌కార్డుది పై మెట్టు. వీసా లెక్కలో మాత్రం కథ తిరగబడుతుంది. హెచ్‌1బీ మీద ఉన్న అబ్బాయి భార్యకు హెచ్‌4 వీసా వస్తుంది. దానికి ఏడాదికి ఇన్నే అన్న పరిమితి లేదు. స్లాటు దొరికి, ఇంటర్వ్యూ అయితే వెళ్లిపోవచ్చు. గ్రీన్‌కార్డు వచ్చాక పెళ్లి చేసుకున్న అబ్బాయి భార్య ఎఫ్‌2ఏ అనే వరసలో నిలబడాలి. దానికి ఏటా కోటా ఉంటుంది. 2019 జులై నుంచి 2023 మార్చి దాకా ఆ వరస దాదాపు ఖాళీగా ఉంది. ఆ రోజుల్లో వెళ్లిన అమ్మాయిల తల్లిదండ్రులే ఇప్పుడు ధైర్యం చెబుతున్నారు. 2023 ఏప్రిల్ నుంచి మళ్లీ ఏళ్ల తరబడి నిరీక్షణ మొదలైంది.

చాలామందికి తెలియని మెలిక ఒకటుంది. అబ్బాయికి ఉద్యోగం ద్వారా గ్రీన్‌కార్డు వచ్చిన రోజుకి ముందే పెళ్లి జరిగి ఉంటే, భార్య అతని దరఖాస్తుకు అనుబంధంగానే వెళ్లొచ్చు. వేరే వరసలో నిలబడక్కర్లేదు. అదే పెళ్లి గ్రీన్‌కార్డు వచ్చిన మర్నాడు జరిగితే వరసలో చేరాల్సిందే. ముహూర్తం పెట్టేటప్పుడు తారాబలం, చంద్రబలం చూసేవాళ్లు ఈ తేదీ కూడా అబ్బాయిని అడిగి తెలుసుకోవడం మంచిది.

అబ్బాయి అమెరికా పౌరుడైతే భార్యకు కోటా లేదు, కానీ కాగితాల పనికే ఏడాది, ఒక్కోసారి అంతకు మించీ పడుతుంది. పెళ్లయి రెండేళ్లు నిండకుండా అక్కడ అడుగుపెడితే వచ్చేది రెండేళ్ల షరతుల గ్రీన్‌కార్డు. మేలేమిటంటే, దిగిన రోజు నుంచే ఉద్యోగం చేసుకోవచ్చు.

"ఈలోపు విజిటర్ వీసా మీద పంపిద్దాం, అక్కడికెళ్లాక మార్చుకుంటుంది" అన్న సలహా ఇక్కడే పుడుతుంది. తిరిగొస్తానని చెప్పి తీసుకునేది విజిటర్ వీసా. భర్త దగ్గరే ఉండిపోవడానికి వెళ్తూ అలా చెప్పడం అబద్ధం కిందికి వస్తుంది. అధికారికి అనుమానమొస్తే ఇక్కడే తిప్పి పంపుతారు. ముఖ్యమైన విషయంలో కావాలని అబద్ధమాడి వీసా అడిగినట్టు తేలితే అమెరికా చట్టంలో శిక్ష జీవితాంతం ప్రవేశ నిషేధం. మినహాయింపు కోరే దారి ఉంది గానీ ఇరుకు. బ్రిటన్‌లో అది పదేళ్ల దాకా, కెనడాలో అయిదేళ్లు.

"సంతకాలు ముందే పెట్టిచ్చేస్తే స్లాటు ముందే దొరుకుద్ది"

అన్నిటికంటే నష్టం చేస్తున్న మాట ఇది. అబ్బాయికి మూడు వారాల సెలవు. పెళ్లి మాఘంలోనో వైశాఖంలోనో. ఈలోపు నిశ్చితార్థానికి వచ్చినప్పుడే ఎవరినో పట్టుకుని రిజిస్ట్రేషన్ చేయించేస్తే, సర్టిఫికెట్ చూపించి వీసా పని మొదలుపెట్టొచ్చని లెక్క. పెళ్లి ఎటూ జరిగేదే కదా, తప్పేముంది అని పెద్దలే అంటారు.

1955 హిందూ వివాహ చట్టం ప్రకారం పెళ్లిని చేసేది తంతు. రిజిస్ట్రేషన్ దాన్ని నమోదు చేస్తుందంతే. సెక్షన్ 7 ప్రకారం ఆచారంలో సప్తపది ఉంటే, ఏడో అడుగు పడినప్పుడే పెళ్లి పూర్తవుతుంది. సెక్షన్ 8 కింద ఇచ్చే సర్టిఫికెట్ అప్పటికే జరిగిన పెళ్లికి రుజువు. 2024 ఏప్రిల్‌లో జస్టిస్ బి.వి. నాగరత్న, జస్టిస్ అగస్టీన్ జార్జ్ మసీహ్ ధర్మాసనం ముందుకు సరిగ్గా ఇలాంటి కేసే వచ్చింది. పైలట్లుగా శిక్షణ పొందిన జంట. 2021లో నిశ్చితార్థం చేసుకుని, తంతు జరగకుండానే ఒక సంస్థ ఇచ్చిన పత్రంతో రిజిస్ట్రేషన్ చేయించుకున్నారు. తర్వాత చెడింది. తంతు లేదు కాబట్టి అది పెళ్లే కాదని, ఆ సర్టిఫికెట్ చెల్లదని సుప్రీంకోర్టు తేల్చేసింది. విదేశాల వీసాల కోసం తల్లిదండ్రులే ఇలా ముందస్తు రిజిస్ట్రేషన్లకు ఒప్పుకుంటున్నారని తీర్పులో ప్రత్యేకంగా రాసింది కూడా. మన కృష్ణా డెల్టాని చూసి రాసినట్టే ఉంటుంది.

కాన్సులేటు దగ్గర ఇది ఇంకో రకంగా బయటపడుతుంది. సర్టిఫికెట్లో పెళ్లి తేదీ ఆగస్టు. శుభలేఖలో ఫిబ్రవరి. ఆన్‌లైన్ ఫారంలో కన్సల్టెన్సీ కుర్రాడు వేసింది ఆగస్టు. ఇంటర్వ్యూలో అడిగే మొదటి ప్రశ్నల్లో ఒకటి "పెళ్లెప్పుడైంది?" అమ్మాయికి నోటికొచ్చేది ఫిబ్రవరే, ఎందుకంటే తలంబ్రాలు పోసుకుంది అప్పుడే. కిటికీ అవతల మనిషి ఫారం వైపు, ఆమె మొహం వైపు మార్చి మార్చి చూస్తాడు. దాంపత్యం నిజమే, తేదీ మాత్రం అబద్ధం. అతనికి కనబడేది ఆ అబద్ధమే.

నిజంగా ముందే పెళ్లి కావాలంటే చట్టబద్ధమైన దారి ఉంది. 1954 ప్రత్యేక వివాహ చట్టం కింద వివాహ అధికారికి నోటీసిచ్చి, 30 రోజులు ఆగి, సాక్షుల ముందు చేసుకోవచ్చు. ఇద్దరిలో ఒకరు నోటీసుకు ముందు 30 రోజులు ఆ జిల్లాలో ఉంటే చాలు. అమ్మాయి నాగాయలంకలో ఉంటే సరిపోతుంది. అది అసలు పెళ్లే. తర్వాత పందిట్లో ఘనంగా చేసుకున్నా, ఫారంలో వేయాల్సింది మొదటి తేదీయే. తేడా వస్తే విడాకులకు కోర్టుకెళ్లాల్సిందే అన్నది కూడా గుర్తుంచుకోవాలి.

మామూలుగా పందిట్లో పెళ్లి చేసుకునేవాళ్లకు తేలికైన పద్ధతి, పెళ్లైన వారంలోపే ఇద్దరూ కలిసి రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్లడం. పెళ్లి జరిగిన ఊరు ఏ సబ్‌రిజిస్ట్రారు పరిధి అయితే అక్కడ. అమ్మాయిది కోడూరే అయినా పెళ్లి విజయవాడ కల్యాణమండపంలో చేస్తే, అవనిగడ్డలో కాదు, విజయవాడలో. పదో తరగతి మార్కుల లిస్టులు, ఆధార్లు, శుభలేఖ, ఫొటోలు, సాక్షులు. అబ్బాయి విమానమెక్కాక ఈ పని గుర్తొస్తే మళ్లీ అతనొచ్చేదాకా ఆగాలి. ఫొటోగ్రాఫరుకి ఒక మాట: జీలకర్ర-బెల్లం, మంగళసూత్రం ఎవరైనా తీస్తారు. భోజనాల హడావుడిలో ఏడడుగులు వదిలేస్తారు. చట్టంలో పేరు పెట్టి రాసింది వాటినే.

"మోపిదేవిలో చేశాం, గుడివాళ్లు రసీదు ఇచ్చారుగా"

దేవస్థానం రసీదు పెళ్లి అక్కడ జరిగిందని చెప్పే ఆధారం. రిజిస్ట్రేషన్‌కి పనికొస్తుంది, రిజిస్ట్రేషన్ బదులు పనికిరాదు. చర్చిలో చేసుకున్నవాళ్లు 1872 క్రైస్తవ వివాహ చట్టం కింద లైసెన్సున్న పాస్టరుగారే చేశారా, చర్చి రిజిస్టర్లో రాశారా అన్నది పెళ్లికి ముందే చూసుకోవాలి. లైసెన్సు లేని ప్రార్థనా మందిరాల్లో ఆశీర్వాదం దొరుకుతుంది గానీ చెల్లే సర్టిఫికెట్ దొరకదు. నిఖా అయితే ఖాజీగారి పుస్తకంలో నమోదు, దాని మీద పత్రం.

ఇక అపోస్టిల్, అంటే మన సర్టిఫికెట్ విదేశాల్లో చెల్లేలా వేయించుకునే ముద్ర. అది లేకపోతే అమెరికా వీసా రాదని చెప్పి వేలు గుంజేవాళ్లున్నారు. హెచ్‌4కి అపోస్టిల్ అక్కర్లేదు. కొన్ని ఐరోపా దేశాలు అడుగుతాయి. కువైట్, యూఏఈ, ఖతార్ అపోస్టిల్ ఒప్పందంలోనే లేవు. అక్కడికి రాష్ట్ర ప్రభుత్వం, విదేశాంగ శాఖ, ఆ దేశ ఎంబసీ వరసగా ముద్రలు వేయాలి.

"ఇంటిపేరు మార్చకపోతే భార్య అని నమ్మరు"

ఏ దేశమూ అలా అడగదు. పెళ్లికి ముందున్న పాస్‌పోర్టుతోనే వీసా తీసుకోవచ్చు. పుట్టింటి పేరుతో డిగ్రీ, అత్తింటి పేరుతో పాస్‌పోర్టు చేయించుకుని అక్కడ ఉద్యోగాల దగ్గర రెండూ ఒకరేనని రుజువు చేసుకోలేక అవస్థ పడేవాళ్లే ఎక్కువ.

అసలు చూసుకోవాల్సింది వేరే ఉంది. మనవాళ్ల పాత పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలి, మొత్తం పేరు కింది గడిలో రాయించిన సందర్భాలు బోలెడు. అప్పుడు అమెరికా వీసా మీద ఆ పేరంతా ఇంటిపేరైపోయి, సొంత పేరు చోట ఎఫ్‌ఎన్‌యూ అని పడుతుంది, అంటే పేరు తెలియదని. డ్రైవింగ్ లైసెన్సు నుంచి బ్యాంకు దాకా ఆమె అదే పేరుతో తిరగాలి. దీన్ని పెళ్లికి ముందే సరిచేయించుకోవాలి.

పుట్టిన ఊరి సంగతి కూడా. పుట్టిన సర్టిఫికెట్లో బందరు, పాస్‌పోర్టులో మచిలీపట్నం. రెండూ ఒకటేనని మనకు తెలుసు, అట్లాంటాలో కూర్చున్న గుమస్తాకు తెలియదు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక ఇంకో చిక్కు: విజయవాడలో పుట్టిన అమ్మాయికి పాత కాగితంలో కృష్ణా జిల్లా, కొత్తదాంట్లో ఎన్టీఆర్ జిల్లా. ఇలాంటివి తప్పులు కావు, భయపడక్కర్లేదు. ఫారంలో పాస్‌పోర్టులో ఉన్నట్టే రాసి, అడిగితే చెప్పడానికి పాత కాగితం దగ్గర పెట్టుకుంటే చాలు. పుట్టిన సర్టిఫికెట్టే లేకపోతే, నమోదు లేదన్న ధ్రువపత్రం తీసుకుని దానికి పదో తరగతి లిస్టు, పెద్దల అఫిడవిట్లు జతచేస్తారు. పాత తేదీతో కొత్తది సృష్టించి ఇచ్చే మహానుభావుల జోలికి వెళ్లకపోవడం శ్రేయస్కరం.

"లక్ష డాలర్లంట, పెళ్లాలకి కూడానంట"

2025 సెప్టెంబరులో వచ్చిన లక్ష డాలర్ల ఫీజు ప్రకటన కంపెనీలు కొత్తగా వేసే హెచ్‌1బీ పిటిషన్లకు. హెచ్‌4కి కాదు. హెచ్‌4 వీసా ఫీజు 205 డాలర్లు. అమ్మాయి తండ్రి ఖాతాలో పాతిక లక్షలు చూపించాలన్నదీ ఇలాంటిదే. హెచ్‌4లో చూసేది భర్త ఉద్యోగం: ఐ-797 (అతని వీసా హోదా ఆమోద పత్రం), పేస్లిప్పులు, కంపెనీ ఉత్తరం. చేపల చెరువు లీజు కాగితాలు ఎవరూ అడగరు.

"అబ్బాయి పక్కన లేకపోతే ఇంటర్వ్యూ ఫెయిలే"

అతను రానక్కర్లేదు. బీదర్ ఎక్స్‌ప్రెస్‌లో రాత్రికి బయల్దేరి హైదరాబాదులో దిగి, 2023 మార్చి నుంచి నానక్‌రామ్‌గూడలో ఉన్న కాన్సులేటుకి ఒక్కర్తే వెళ్లి వీసా తెచ్చుకున్న ఆడపిల్లలు లెక్కలేనంత మంది. దారిలో చిలుకూరు బాలాజీకి పదకొండు ప్రదక్షిణలు చేయడం ఎవరిష్టం వారిది. ఆల్బం మోసుకెళ్లనవసరం లేదు. రెండు వైపులా పెద్దలు కనబడే పదిహేను ఇరవై ఫొటోలు చాలు.

స్లాటు కొనిపెడతామనే ఏజెంట్లను మాత్రం దూరం పెట్టాలి. 2025 మార్చిలో అమెరికా ఎంబసీ బాట్లతో బుక్ చేసిన సుమారు 2000 అపాయింట్‌మెంట్లను ఒక్క దెబ్బతో రద్దు చేసి, ఆ ఖాతాలను నిలిపేసింది. ఇంటర్వ్యూ లేకుండా డ్రాప్‌బాక్స్‌లో వేసే సౌకర్యం కూడా 2025 సెప్టెంబరు 2 నుంచి ఈ తరహా వీసాలకు పోయింది. ఇన్‌స్టా అకౌంటు డిలీట్ చేసేయమనే సలహా ఇంకా తిరుగుతోంది. గత అయిదేళ్లలో వాడిన సోషల్ మీడియా పేర్లు ఫారంలోనే అడుగుతారు. 2025 డిసెంబరు 15 నుంచి హెచ్‌1బీ, హెచ్‌4 వాళ్లు వాటిని అందరికీ కనబడేలా ఉంచాలి కూడా.

"వెళ్లాక తనూ ఏదో ఒక జాబ్ చూసుకుంటుంది"

గుడ్లవల్లేరులో బీటెక్ చేసి హైదరాబాదులో మంచి జీతం వదులుకుని వెళ్లే అమ్మాయికి ఇది ఎవరో ఒకరు ముందే చెప్పాలి. హెచ్‌4 మీద ఉద్యోగం చేయకూడదు. 2015 మే 26 నుంచి కొందరికి పని అనుమతి, అంటే ఈఏడీ, ఇస్తున్నారు: భర్త గ్రీన్‌కార్డు ప్రక్రియలో ఐ-140 ఆమోదం పొంది ఉండాలి, లేదా ఆ దారిలో ఉంటూ ఆరేళ్ల గడువు దాటి పొడిగింపు తెచ్చుకుని ఉండాలి. నిన్న మొన్న హెచ్‌1బీ వచ్చిన అబ్బాయికి ఇవేవీ ఉండవు. కంపెనీ బదిలీ మీద వెళ్లిన ఎల్‌1 భర్త అయితే నయం, 2021 నవంబరు నుంచి ఎల్‌2 భార్య వేరే అనుమతి లేకుండా పని చేయొచ్చు. చదువుకుంటున్న భర్తతో ఎఫ్‌2 మీద వెళ్తే పని అసలే లేదు.

బ్రిటన్ ఇంకా మారింది. 2024 జనవరి 1 నుంచి మామూలు మాస్టర్స్‌కి వెళ్లేవాళ్లు భార్యనో భర్తనో తీసుకెళ్లలేరు, పరిశోధన కోర్సులకే ఆ వీలు. అదే ఏడాది మార్చి 11 నుంచి కొత్తగా వచ్చే కేర్ వర్కర్లకూ లేదు. "ఒకరు చదువుతారు, ఇంకొకరు సంపాదిస్తారు" అన్న లెక్కతో పెళ్లిళ్లు కుదిర్చిన రోజులు పోయాయి. అక్కడ స్థిరపడినవాళ్ల భార్యగా వెళ్లాలంటే భర్తకు ఏటా 29,000 పౌండ్ల ఆదాయం ఉండాలి. 2024 ఏప్రిల్‌కి ముందు అది 18,600. ఆమెకు ప్రాథమిక స్థాయి ఇంగ్లిష్ పరీక్ష కూడా ఉంటుంది. కెనడా కూడా 2025 జనవరి 21 నుంచి విద్యార్థుల భార్యాభర్తలకిచ్చే ఓపెన్ వర్క్ పర్మిట్‌ను 16 నెలలకు తగ్గని మాస్టర్స్, పీహెచ్‌డీ, ఎంపిక చేసిన కొన్ని వృత్తి కోర్సుల దాకా కుదించింది.

కువైట్‌లో ఏ వీసా మీద ఉన్నాడన్నదే అన్నీ తేలుస్తుంది. ఖాదిం వీసా మీద, అంటే ఇళ్లలో పనికి, డ్రైవరుగా వెళ్లినవాళ్లు కుటుంబాన్ని తెచ్చుకోలేరు. కంపెనీల్లో పనిచేసే షూన్ వీసా వాళ్లకు వీలుంది గానీ, 2024 జనవరిలో ఫ్యామిలీ వీసాలు మళ్లీ మొదలుపెట్టినప్పుడు పెట్టిన జీతం షరతు 800 దినార్లు. దుబాయిలో 4,000 దిర్హాములు, లేదా వసతితో పాటు 3,000.

"వీసా ఆయనది, ఆయనెట్లా అంటే అట్లా"

హెచ్‌4 భర్త హోదాకి కట్టేసినదే. విడాకులైతే అది పోతుంది. అయినంత మాత్రాన ఆమె అతని దయ మీద బతకాలని లేదు. హెచ్‌4 మీద హింసకు గురైన భార్య పని అనుమతి కోసం సొంతంగా దరఖాస్తు చేసుకునే నిబంధన అమెరికా చట్టంలో ఉంది. భర్త పౌరుడో గ్రీన్‌కార్డు ఉన్నవాడో అయితే అతనితో సంబంధం లేకుండా సొంతంగా గ్రీన్‌కార్డుకే పెట్టుకోవచ్చు. బ్రిటన్‌లో స్పౌస్ వీసా మీదున్నవాళ్లకు ఇలాంటప్పుడు మూడు నెలల తాత్కాలిక అనుమతి ఇస్తారు. ఇక్కడ జాతీయ మహిళా కమిషన్‌లో ఎన్నారై పెళ్లిళ్ల ఫిర్యాదుల కోసం ప్రత్యేక విభాగం 2009 నుంచి నడుస్తోంది. రాష్ట్రంలో ప్రవాసాంధ్రుల కోసం ఏపీఎన్ఆర్‌టీ సొసైటీ ఉంది. పాస్‌పోర్టు, వీసా పేజీ, మ్యారేజ్ సర్టిఫికెట్, భర్త ఐ-797 కాపీలు అమ్మాయి మెయిల్లో ఒకటి, పుట్టింట్లో ఒకటి ఉంచాలి. అసలు పాస్‌పోర్టు అత్తగారి బీరువాలో దాచే ఆనవాయితీకి చట్టంలో ఎక్కడా చోటు లేదు.