తల్లిలేని కోడిపిల్లలు: వేడి మాన్పించు విధము

గృహిణి చేతిలో తనదియైన నాలుగు రూపాయలున్న యిల్లు నిబ్బరముగా నుండును. పల్లెలయందును చిన్న పట్టణములయందును ఆ రూపాయలు తెచ్చిపెట్టునవి పెరటికోళ్ళు. పుస్తకము కొనవలసినను, మందు తేవలసినను గ్రుడ్ల డబ్బు అక్కఱకు వచ్చును. “పెట్టెడు పిల్లలు తెచ్చితిమి, సగమైనను దక్కలేదమ్మా!” యని మా జహీరాబాదులో కొందఱు చెప్పగా మేము విచారించితిమి. దీపము తీసివేసిన రాత్రియే పిల్లలను వాకిటి గూటిలోనికి మార్చుట పలుచోట్ల కారణమని తేలినది. అందుచేత ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ముందు కోడితల్లి పద్ధతిని గమనింపుడు. పుట్టిన దినమున పిల్లలను రెక్కల క్రిందనే యుంచుకొనును. పిదప ఎండపొడలోనికి తీసికొనిపోయి, నేల గీరి గింజ చూపును. గాలి చల్లగా తగిలినంతనే కూర్చుండి రెక్కలు విప్పి పిలుచును. పిల్లలకు ఈకలు వచ్చినకొలది ఆ పిలుపులు తగ్గును. రెండు నెలలు కావచ్చుసరికి దరిజేరిన పిల్లను ముక్కుతో పొడిచి తఱుమును. చూచువారికది కాఠిన్యముగా తోచును గాని, అదియు పెంపకమే.

నేడు మన యిండ్లకు వచ్చు పిల్లలలో పెక్కింటికి తల్లి లేదు. హైదరాబాదున రాజేంద్రనగరమునందలి కోళ్ళ పరిశోధన సంస్థవారు పెరటి పెంపకమునకై తీర్చిన వనరాజా, గ్రామప్రియ జాతుల పిల్లలు హేచరీలలో పుట్టి, అట్టపెట్టెలలో మన యిండ్లకు చేరుచున్నవి. కోడి లేక పొదిగించుట క్రొత్త విద్య కాదు. ఈజిప్టు దేశస్థులు రెండువేల సంవత్సరములకు పూర్వమే మట్టికొలుముల వేడిలో గ్రుడ్లను పొదిగించిరి. తల్లి యిచ్చు వెచ్చదనమును దీపము కూడ ఇయ్యగలదు. ఆ వెచ్చదనమును ఎప్పుడు, ఎంత తగ్గింపవలెనో మాత్రము దీపమునకు తెలియదు. అది మనము తెలిసికొనవలెను.

క్రొత్తగా పుట్టిన పిల్లకు ఒంటిమీద నూగు మాత్రమే యుండును. ఒంటి వేడిని తాను నిలుపుకొను శక్తి రెండు మూడు వారములవఱకు చాలినంత రాదు. కావున మొదటి వారమున పిల్లలు తిరుగుచోట 95 డిగ్రీల ఫారన్‌హీటు, అనగా 35 డిగ్రీల సెంటిగ్రేడు, వేడి యుండవలెను. పిదప వారమునకు 5 ఫారన్‌హీటు డిగ్రీల చొప్పున తగ్గించినచో అయిదవ వారమునకు 75కు వచ్చును. థర్మామీటరును పైన వ్రేలాడదీయక, పిల్లల వీపుల యెత్తున, ఊకకు రెండంగుళముల పైన నుంచి చూడవలెను. దీపమును వారమువారము కొన్ని యంగుళములు పైకెత్తుటయే వేడి తగ్గించుటకు సులభోపాయము.

లెక్క దారి చూపును. తీర్పు మాత్రము పిల్లలది. దీపము క్రింద ఒకదానిపై నొకటి యెక్కి కీచుమని యఱచుచున్నచో వానికి చలి. దూరముగా పోయి నోరు తెఱచి రొప్పుచున్నచో వేడి యెక్కువ. ఒక ప్రక్కకే గుమికూడినచో ఆవలిప్రక్కనుండి ఈడ్పుగాలి వచ్చుచున్నదని యెఱుగునది. అంతటను సమముగా చెదరి, కొన్ని మేయుచు, కొన్ని కాళ్ళు చాచి నిద్రించుచున్నచో వేడి సరిపోయినది.

దీపము మాన్పుటకు క్రమము కలదు. మొదట పగటిదీపము మానుడు. తరువాత తొలిజాము దీపము. కడపట తెల్లవాఱుజాము దీపము. సూర్యోదయమునకు ముందుగడియలే మిక్కిలి చల్లనివి. అంతకుముందు పిల్లను చేతబట్టి మెడ, వీపు, ఱొమ్ము తడవి చూడుడు. రెక్కల యీకలను చూచి మోసపోరాదు. అవి ముందే వచ్చును. ఱొమ్మున నూగు పోయి ఈకలు కప్పినప్పుడే పిల్ల చలికి సిద్ధమైనది.

మా జహీరాబాదు దక్కను పీఠభూమిమీద నున్నది. ఇచ్చట వేసవి పగళ్ళు 40 డిగ్రీల సెంటిగ్రేడు దాటుటయు, పుష్యమాసపు రాత్రులు 10కి దిగువకు పోవుటయు కలదు. కావున ఒకే లెక్క యేడాది పొడుగున చెల్లదు. మాఘమున తెచ్చిన పిల్లలు ఫాల్గుణాంతమునకు, అయిదాఱు వారములకే, సుఖముగా బయట నుండగలవు. కార్తికమున తెచ్చినవానికి ఆఱేడు వారములు నిండినను తెల్లవాఱుజామున కొంత వెచ్చదనము కావలసియుండును.

నాలుగవ వారమున, గాలి లేని దినమున, మంచు విడిచి యెండ కాచిన పిదప పిల్లలను ఒక గంటసేపు గంప క్రిందనో, తీగవల చుట్టులోనో విడువుడు. నీడయు నీళ్ళును దగ్గఱ నుండవలెను. గద్ద, కాకి, పిల్లి, ముంగిస రాకుండ పైన వల కప్పుడు. దినదినమును కొంత పెంచుచు, సాయంకాలము నాలుగింటికి లోపలికి తెండు. వానపట్టిన దినమున ఆ ప్రయత్నము మానుడు.

అన్నిటికంటె ముఖ్యమైన నియమ మిది: ఒకే దినమున రెండు మార్పులు చేయరాదు. దీపము, చోటు, మేత, టీకా, వీనిలో ఒక్కొక్కదానికి నడుమ కొన్ని దినములు విడువుడు. మొదట పాతచోటనే దీపము లేక మూడు నాలుగు రాత్రులు గడపనిండు. ఆ తరువాతనే క్రొత్తగూటికి మార్పుడు. క్రొత్తచోట మొదటి రాత్రులలో పిల్లలు మూలకు చేరి, ఒకదానిపై నొకటి పడి, ఊపిరాడక చచ్చును. మూలలలో గడ్డి నింపిన గోనెసంచులు పెట్టి గుండ్రముగా చేయుడు. చీకటి పడగనే పోయి విడదీయుడు. గూటి పైభాగమున గాలి యాడవలెను. పిల్లల యెత్తున తగులరాదు.

కరెంటు పోయినప్పుడు మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టరాదు. దానినుండి వచ్చు విషవాయువు పిల్లలనే కాక మనుష్యులనుకూడ చంపును.

నేల త్రొక్కిన పిల్లలకు తడివలన రక్తపు రెట్టల జబ్బు తగులవచ్చును. ఊకను పిడికిట పట్టి చూడుడు. ముద్ద కట్టినచో మార్పవలెను. రెట్టలో నెత్తురు కనబడినచో నాడే పశువైద్యునికి చూపవలెను. కొక్కెర తెగులు టీకాను మొదటి వారమునను నాలుగవ వారమునను తప్పక వేయింపుడు.

మా పస్తాపూరు ప్రాంతపు స్త్రీలు జొన్న, సజ్జ, కొఱ్ఱ మొదలగు పాతపంటల విత్తనములను కాపాడుచుండగా, దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళాసంఘములకు 2019లో ఐక్యరాజ్యసమితివారి ఈక్వేటర్ బహుమానము లభించినది. గింజను ఏడాది పొడుగున కాచిన చేతులకు పిల్లను ఆఱు వారములు కాచుట కష్టము కాదు. వాకిట నిలద్రొక్కుకొన్న గ్రామప్రియ పెట్ట ఆఱవ నెల ప్రాంతమున గ్రుడ్డు పెట్టును. ఒక్కవారము తొందరపడి ఆ గ్రుడ్లను పోగొట్టుకొనకుడు. ఈ రాత్రి పండుకొనబోవుటకు ముందు ఒక్కమాఱు దీపము కడకు పోయి పిల్లలెట్లున్నవో చూడుడు.