గుట్ట మీద తెల్ల చారలు

ఎవరో పైనుంచి సున్నం ఒలకబోసినట్టు నిట్టనిలువు రాతి గుట్ట మీద తెల్లటి చారలు. అడవిలో అలాంటివి కనిపిస్తే కాసేపు ఆగి తలెత్తి చూడాల్సిందే. అవి రాబందుల రెట్టలు కావచ్చు. ఏటా ఒకేచోట కాపురం పెట్టడం వాటి అలవాటు. అందుకే రాయి మీద ఆ గుర్తు మిగిలిపోతుంది.

ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా బెజ్జూరు అడవుల్లో, పెద్దవాగు ఒడ్డున ఉంది పాలరాపు గుట్ట. ఇప్పుడది కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా. ఇక తెలంగాణలో లేవేమో అనుకుంటున్న పొడుగుముక్కు రాబందులు 2013లో ఇక్కడ కనిపించాయి. పక్షి ప్రేమికుల ఆనందానికి అంతులేదు మరి!

గద్దా... రాబందా?

ఆకాశంలో గిరికీలు కొట్టేవన్నీ రాబందులు కావు. ఊళ్లలో కనిపించే గద్ద తోక కొసన కాస్త చీలి ఉంటుంది. రాబందు తోక పొట్టి. రెక్కలు చాపితే ఈ కొస నుంచి ఆ కొసకు రెండు మీటర్లకు పైనే. రెక్కల చివర ఈకలు చేతివేళ్లలా విడివిడిగా కనిపిస్తాయి. రెక్కలాడించకుండానే వేడిగాలి మీద తేలిపోతుంది. కాబట్టి తెల్లవారుజామున వెళ్తే లాభం లేదు, ఎండ కాస్త ముదరాలి. వీపు మీద తెల్లమచ్చ ఉంటే అది చెట్ల మీద గూడు కట్టే మరో రకం. పొడుగుముక్కుది ఇసుక రంగు ఒళ్లు, నల్లటి బోడిమెడ. ఎక్కువగా కొండ చరియల్లోని రాతి అరల్లోనే గూడు కడుతుంది. చలికాలంలో ఒకే ఒక్క గుడ్డు పెడుతుంది. అది పోతే ఆ ఏడాది కష్టం దాదాపు వృథానే.

మందే విషమైంది

ఒకప్పుడు గొడ్డు చచ్చి ఊరవతల పడేస్తే గంటల్లో ఎముకలే మిగిలేవి. 1990ల నుంచి ఆ పారిశుద్ధ్య కార్మికులే మాయమయ్యారు. పొడుగుముక్కు రాబందులు దేశంలో నూటికి 97 వంతులు తగ్గిపోయాయి. కారణం 2004లో తేలింది. పశువులకు నొప్పి తగ్గించడానికి ఇచ్చే డైక్లోఫెనాక్! ఆ మందు పడ్డ పశువు చనిపోతే, దాన్ని తిన్న రాబందుల మూత్రపిండాలు పాడైపోతాయి. నూరు కళేబరాల్లో ఒక్కదాంట్లో మందు ఉన్నా చాలు, జాతి మొత్తం కుప్పకూలడానికి. పశువులకు దాని వాడకాన్ని ప్రభుత్వం 2006లో నిషేధించింది. 2023లో కీటోప్రొఫెన్, అసిక్లోఫెనాక్‌ల వంతు వచ్చింది. మెలాక్సికామ్ రాబందులకు హాని చేయదని పరీక్షల్లో తేలింది.

పాలరాపు గుట్టకు దగ్గర్లోనే ప్రాణహిత. దాటితే మహారాష్ట్రలోని గడ్చిరోలి. అక్కడి అటవీశాఖ రాబందుల కోసం 'రెస్టారెంట్లు' పెట్టి మందుల్లేని మాంసం అందుబాటులో ఉంచింది. కానీ రోజూ పదుల కిలోమీటర్లు తిరిగే పక్షికి నదీ తెలియదు, రాష్ట్రమూ తెలియదు. ఎక్కడ గొడ్డు కనిపిస్తే అక్కడ వాలుతుంది.

అందుకే గుట్టను కాపలా కాస్తే సరిపోదు. చుట్టూ ఉన్న పల్లెల్లో గేదెకు జ్వరమొస్తే ఏ సూది వేయించాలన్నది రైతు పశువైద్యుణ్ని అడగాలి. రాతి మీద ఆ తెల్ల చారలు నిలవడం చివరికి ఆ సూదిమందు మీదే ఆధారపడి ఉంది.