గిటార్‌కే అంతా పెట్టేయకండి!

మొదటి జీతంతో ఎలక్ట్రిక్ గిటార్ కొన్నాను. ఉన్న డబ్బంతా దానికే పెట్టేశాను. ఇంటికొచ్చి మీటితే దోమ పాడినట్టుంది! యాంప్ లేకపోతే అది దాదాపు మూగదే మరి. చౌకగా దొరికిన యాంప్ తెచ్చుకుంటే దాని గరగర భరించలేక ఆర్నెల్లు గిటార్‌ని బీరువా మీదే పడేశాను.

అందుకే ముందే లెక్క వేసుకోండి. పాతిక వేలుంటే పదిహేను గిటార్‌కి, ఎనిమిది యాంప్‌కి, మిగిలిన రెండూ కేబుల్‌కి, సెటప్‌కి.

గిటార్ ఏది? ఫెండర్ వారి స్క్వయర్, గిబ్సన్ వారి ఎపిఫోన్, యమహా పసిఫికా... ఇవన్నీ కొత్తవాళ్లకి నమ్మకమైనవే. సింగిల్ కాయిల్ పికప్స్ గలగలమంటాయి, కానీ కరెంటు హమ్మింగ్‌నీ పట్టేస్తాయి. రెండు కాయిల్స్ ఉండే హంబకర్ ఆ హమ్మింగ్‌ని అణిచేస్తుంది. రాక్, మెటల్ ఇష్టమైతే ఇదే మేలు.

అపార్ట్‌మెంట్‌లో అయిదు, పది వాట్ల యాంప్ చాలు. హెడ్‌ఫోన్ సాకెట్ మాత్రం తప్పక ఉండాలి. రాత్రి షిఫ్ట్ అయ్యాక వాయించుకున్నా పక్కింటివాళ్లు తలుపు కొట్టరు!

పెడల్స్‌కి తొందరేం లేదు. చాలా చిన్న యాంప్‌లలో డిస్టార్షన్, రివెర్బ్ ఎలాగూ ఉంటాయి. తర్వాత కావాలంటే ఒక్కటి కొనండి. 1978లో వచ్చిన బాస్ డీఎస్-1 డిస్టార్షన్ పెడల్ ఇప్పటికీ అమ్ముడవుతూనే ఉంది. అడాప్టర్ కొనేటప్పుడు వోల్టేజీ, ప్లస్-మైనస్ సరిచూసుకోండి.

నా గిటార్ సంగతంటారా? తీగల ఎత్తు తగ్గించి సెటప్ చేయించాను, హెడ్‌ఫోన్ యాంప్ కొన్నాను. వేళ్ల నొప్పి తగ్గింది. అదే గిటార్ బీరువా దిగి, ఇప్పుడు మంచం పక్కనే ఉంటోంది.