ఒక్కదాన్ని ఆపితే చాలు!

పొద్దున్నే వేళ్లు బిగుసుకుపోతాయి. కాఫీ గ్లాసు పట్టుకుందామన్నా పట్టు చిక్కదు. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థే కీళ్లమీద దాడిచేసే జబ్బు రుమటాయిడ్ ఆర్థరైటిస్. ఆ దాడిని రెచ్చగొట్టే రసాయనాలు ఎన్నో ఉంటే, ఒక్కదాన్ని ఆపితే ఏం లాభం?

లాభముందన్నారు లూథియానాలో పుట్టి లండన్‌లో పనిచేసిన డాక్టర్ రవీందర్ మైనీ, ఇమ్యునాలజిస్టు మార్క్ ఫెల్డ్‌మన్. రోగుల కీళ్ల కణజాలంలో టీఎన్ఎఫ్ అనే ప్రొటీన్‌ను అడ్డుకుంటే మిగతావీ తగ్గాయి మరి! 1992లో ఛేరింగ్ క్రాస్ ఆసుపత్రిలో, పాత మందులు పనిచేయని 20 మందికి దాన్ని అడ్డుకునే యాంటీబాడీ ఎక్కించారు. వారాల్లోనే నొప్పీ వాపూ తగ్గాయి. మందు ప్రభావం పోగానే తిరగబెట్టాయి. అంటే ఇది జబ్బును అదుపు చేస్తుందే కానీ పూర్తిగా నయం చేయదు. పైగా ఒంట్లో నిద్రపోతున్న క్షయను లేపే ప్రమాదమూ ఉంది. అందుకే ముందుగా టీబీ పరీక్ష తప్పనిసరి.

2003లో ఇద్దరికీ లాస్కర్ అవార్డు దక్కింది. గ్లాసును మళ్లీ గట్టిగా పట్టుకోగలిగిన చేతులు... అంతకన్నా పెద్ద బహుమతి!