గాజుతొట్టిలోని చేపలకు కడుపుపురుగులు

ఇంటిలో పెంచు ప్రాణి యేదైనను దాని యోగక్షేమములు తుదకు గృహిణి చేతిలోనికే వచ్చుచుండును. గాజుతొట్టిని ముచ్చటపడి కొని తెచ్చువారు పురుషులు. చేపలకు పేర్లు పెట్టువారు పిల్లలు. మేత వేసి, నీరు మార్చి, ఒకనాడొక చేప మూలకు చేరి కదలకుండుటను మొదట కనిపెట్టునది మాత్రము తల్లి. మా యింటను అట్లే జరిగినది. గత సంవత్సరము మా తొట్టిలోని చేపలకు కడుపులో పురుగులు పట్టినవి. తెలియక కొన్నిటిని పోగొట్టుకొంటిమి. తెలిసికొని కొన్నిటిని బ్రతికించుకొంటిమి. ఆ రెండును సోదరీమణులకు ఉపయోగపడునని యీ వ్యాసమును వ్రాయుచున్నాము.

మా తొట్టి రెండడుగుల పొడవును, అడుగు వెడల్పును, అడుగు లోతును గలది. అందు పండ్రెండు గప్పీ చేపలుండెను. ఈ జాతి చేపలు గ్రుడ్లు పెట్టక పిల్లలనే కనును. వానిలో పసుపుపచ్చని తోకగల పెంటిచేప నొకదానిని మా చిన్నది బంగారి యని పిలుచుచుండెడిది. బంగారి మేత బాగుగనే తినుచుండెను. అయినను దినదినమునకు వీపు సన్నగిల్లెను. కొన్ని దినములకు దాని మలద్వారమునుండి ఎఱ్ఱని దారపు పోగులవంటివి రెండు మూడు వెలికి వచ్చెను. చేప కదలక నిలిచినపుడవి కానవచ్చును. అది యీదసాగినంతనే లోనికి ముడుచుకొని పోవును. మేము దానిని మలమే యనుకొంటిమి. చేపలమ్ము దుకాణమునకు పోయి చెప్పగా నీలిరంగు మందొకటి యిచ్చిరి. దానిని నీటిలో కలిపి వారము దినములు కాచుకొంటిమి. అట్టి నీలిమందు చేప పైనను గ్రుడ్లపైనను పట్టు బూజునకు పనికివచ్చునుగాని ప్రేగులలోని పురుగును అంటదు. ఆ వారములో బంగారితో కూడ నాలుగు చేపలు చచ్చెను.

“బంగారి కడుపులో పిల్లలున్నాయి కదమ్మా!” అని మా చిన్నది యేడ్చినది. మల్లెపాదులో చిన్న గుంట త్రవ్వి పాతిపెట్టితిమి.

మఱునాడు ఫిబ్రవరి 10వ తేది. ఆనాడు మన దేశమున పాఠశాలలలోను అంగన్‌వాడీలలోను పిల్లలకు నులిపురుగుల మాత్ర లిత్తురు. 2015లో మొదలైన యేర్పాటిది. మా చిన్నది బడినుండి వచ్చి సంచియైనను దింపకయే, “కడుపునొప్పి లేనివాళ్ళకు కూడా మాత్రలిచ్చారమ్మా. అందరం ఒక్కసారే నమిలాము. మరి చేపలకెందుకివ్వరు?” అని యడిగినది. ఆ ప్రశ్నకు మాయొద్ద జవాబు లేకపోయినది. సాయంకాలము రోగపు చేపనొకదానిని సీసాలో నుంచుకొని పశువైద్యునియొద్దకు పోయితిమి.

పురుగు వచ్చు మార్గము

వైద్యుడు సీసాను వెలుతురునకెత్తి చూచి, అవి కమల్లానస్ అను జాతి పురుగులని చెప్పెను. మన గప్పీలను పట్టు పురుగును 1927లో ఫుజిటా అను జపాను శాస్త్రజ్ఞుడు మొదట వర్ణించెను. తరువాత నిది అలంకారపు చేపల వర్తకముతోపాటు దేశదేశములకు ప్రాకినది. దీని నోరు గట్టిదై, పట్టకారు వలె ప్రేగుగోడను కఱచిపట్టుకొనును. అచ్చట రక్తమును పీల్చుటచేతనే దానికి ఎఱ్ఱని రంగు. తల్లిపురుగు మలద్వారమునుండి తోకను బయటపెట్టి నీటిలోనికి సన్నని పిల్లలను విడుచును. చెఱువునీటిలో సైక్లాప్స్ అను, కంటికి చుక్కవలె గోచరించు జీవి యున్నది. అది యీ పిల్లలను మ్రింగును. చేప దానిని మ్రింగును. పురుగు మరల చేప కడుపున చేరును.

ఈ మాట వినగానే మా అత్తగారికి నారికురుపు జ్ఞాపకమునకు వచ్చినది. ఆమె బాల్యము రాయలసీమలోని యొక పల్లెలో గడచినది. అచ్చట దిగుడుబావిలోని నీరే త్రాగునీరు. నారికురుపు గలవారు బావిలో కాలు పెట్టినపుడు, కాలిలోని పురుగు నీటిలోనికి పిల్లలను విడిచెడిది. వానిని మ్రింగునదియు ఈ సైక్లాప్సే. ఆ నీటిని వడకట్టక త్రాగినవారికి ఏడాది దాటునప్పటికి కాలినుండి రెండు మూడడుగుల పురుగు వెడలెడిది. దిగుడుబావులను మాన్పించి, గుడ్డతో నీరు వడకట్టుట నేర్పి, మన దేశమునుండి ఆ రోగమును తరిమివేసిరి. 1996తో రోగులు లేకపోయిరి; 2000 సంవత్సరమున ప్రపంచ ఆరోగ్యసంస్థ భారతదేశమునకు ఆ రోగము లేదని ధ్రువపత్రమిచ్చినది. మా తొట్టిలో మేము చూచినది ఆ పాత శత్రువునకు దూరపు చుట్టమే యన్నమాట.

అయితే చేపల పురుగునకు సైక్లాప్స్ లేకున్నను జరుగును. ఒక చేపనుండి మఱియొక చేపకు నేరుగనే యిది సోకగలదని 2002లో లెవ్సెన్, యాకబ్సెన్ అను నిద్దఱు శాస్త్రజ్ఞులు తెలిపిరి. కావుననే చెఱువు ముఖమెఱుగని గాజుతొట్టిలోను ఇది తరములకొలది నిలిచియుండును. మా తొట్టిలోనికి ఎట్లు వచ్చెనని ఆలోచింపగా సంక్రాంతికి తెచ్చిన రెండు క్రొత్త చేపలు గుర్తునకు వచ్చెను. తెచ్చిన నిమిషముననే వానిని పాతవానితో కలిపితిమి. తప్పు మాదే.

చికిత్స

బడిలో మాత్ర లిచ్చు పద్ధతియే చేపలకును పద్ధతియని వైద్యుడు చెప్పెను: అందఱికి ఒక్కసారిగా నీయవలెను, మరల నీయవలెను, పరిసరములను శుభ్రము చేయవలెను. ఎఱ్ఱని పోగు కనబడిన చేపను మాత్రము వేఱుచేసి మందిచ్చిన ప్రయోజనము లేదు. మిగిలినవాని కడుపులోను లేతపురుగు లుండియే యుండును.

మాకు చెప్పిన మందు లెవామిసోల్. ఇది గొఱ్ఱెలకును మేకలకును ఇచ్చునదే. లీటరు నీటికి 2 మిల్లీగ్రాముల వంతున 24 గంటలు చేపల నా నీటిలో నుంచవలెను. ఇచ్చట లెక్క తప్పకూడదు. మా తొట్టి నిండుకొలత 54 లీటర్లు. గులకరాళ్ళను, పైని వెలితిని తీసివేయగా నిజముగా నున్న నీరు 45 లీటర్లు. కావలసిన మందు 90 మిల్లీగ్రాములు. పొడులలోను ద్రావకములలోను మందుపాలు వేఱువేఱుగా నుండును గాన, చీటీని వైద్యునికి చూపి తూచి యిప్పించుకొంటిమి.

చేసిన క్రమమిది. ముందుగా మూడవవంతు నీరు మార్చితిమి. నత్తలను వేఱొక పాత్రలోనికి తీసితిమి. వడపోత యంత్రములోని బొగ్గు మందును పీల్చివేయును గాన దానిని తొలగించితిమి. గాలిబుడగల గొట్టమును మాత్రము ఆపలేదు. మందును ఒక చెంబు నీటిలో కరిగించి నలుమూలల పోసి, దీపమార్పి, వెలుతురు పడకుండ తొట్టిపై దుప్పటి కప్పితిమి.

తెల్లవాఱి దుప్పటి తీయగా గులకరాళ్ళపై ఎఱ్ఱని పోగులు పడియుండెను. ఇచ్చట ముఖ్యమైన సంగతి యొకటి కలదు. ఈ మందు పురుగును వెంటనే చంపదు. పక్షవాతము వచ్చినట్లు చేసి పట్టు విడిపించును. అది మలముతో క్రింద పడును. దానిని తీసివేయనిచో దానియొద్దనున్న పిల్లలు తొట్టిలోనే మిగులును. కావున 24 గంటలు కాగానే రబ్బరు గొట్టముతో అడుగుననున్న మురికినంతయు పీల్చి తీసి, సగము నీరు మార్చితిమి. కొత్తనీటిని ముందునాడే బకెట్లలో పట్టి యుంచితిమి; కుళాయినీటిలోని క్లోరిన్ చేపలకు కీడు చేయును. తీసిన మురికినీటిని కాలువలోనికి పోయక మరుగుదొడ్డిలో పోసితిమి.

పదిదినములలో చేపల వీపులు నిండెను. తోకలు విచ్చుకొనెను. మూడు వారములకు రెండవమారు మందు వేయవలసియుండగా, “ఆరోగ్యముగానే యున్నవి గదా, మరల నెందుకు బాధించుట?” యని మేము వెనుదీసితిమి. అప్పుడు మా అత్తగారు, “నారికురుపును పుల్లకు చుట్టి దినానికింత లాగల్లమ్మా. తొందరపడి సగంలో తెంపితే కాలంతా వాస్తుంది. సగం వైద్యం రోగానికే బలం” అనిరి. మొదటి మందు పెద్ద పురుగులను పడగొట్టును గాని లేతవానిలో కొన్ని తప్పించుకొనుననియు, అవి పెరిగి పిల్లలను విడువకముందే రెండవ మందు పడవలెననియు వైద్యుడు చెప్పినదియు నదియే. అత్తగారి మాట విని మరల అదే క్రమమున చేసితిమి. మఱునాడడుగున రెండు సన్నని పోగులు కనబడెను. ఆనాడు మానియుండిన యెడల ఏమగునో యూహింపుడు.

తక్కిన జాతులు

కడుపుపురుగులన్నిటికి ఒకే మందు పనికిరాదు. బద్దెపురుగులకు ప్రాజిక్వాంటెల్ తగినది. ఏంజెల్, డిస్కస్ మొదలగు చేపలకు వచ్చు కేశమువంటి పురుగులకు ఫెన్‌బెండజోల్‌ను మేతలో కలిపి పెట్టుదురు. ఇది నత్తలకు ప్రమాదకరము కావచ్చును. ఆ చేపలకే వచ్చు సూక్ష్మజీవులకు మెట్రోనిడజోల్ ఇత్తురు. ఐవర్‌మెక్టిన్ మనుష్యులకు మేలు చేసిన మందే యైనను చేపల తొట్టిలో వేయరాదు. కొంచెము హెచ్చినను చంపును.

తెల్లని దారమువంటి మలము కనబడినంతనే పురుగులని నిశ్చయింపకూడదు. మేత మానిన చేపకు కూడ మలమట్లే యుండును. చిక్కిపోవుట క్షయవంటి వేఱొక వ్యాధివలనను కలుగవచ్చును. ఆ వ్యాధి చేతిగాయముద్వారా మనుష్యుల చర్మమునకును సోకును. కావున చేతికి గాయమున్నపుడు తొట్టిలో చేయి పెట్టవలదు. ఎప్పుడైనను పని ముగిసినపిదప సబ్బుతో కడుగుకొనవలెను.

ముందుజాగ్రత్తలు

క్రొత్త చేపలను కనీసము నాలుగు వారములు వేఱొక తొట్టిలో నుంచి చూచి పిదప కలుపవలెను. ప్లాస్టిక్ డబ్బాయైనను చాలును. ఆ తొట్టికి వలయు గొట్టమును చిక్కమును వేఱుగా నుంచవలెను. చెఱువునుండి పట్టిన జీవముగల మేతను పెట్టకుండుట మేలు. చచ్చిన చేపను కనబడినంతనే తీసివేయవలెను. తక్కినవి దానిని పొడిచి తినును.

విసుగుపుట్టి చేపలను చెఱువులోనో వాగులోనో విడుచుట మహాపరాధము. హవాయి దీవులలో నిట్లు బయటినుండి వచ్చిన చేపలతో ఈ పురుగే దిగి, అచ్చటి వాగులలోని స్వదేశపు చేపలను కూడ పట్టినది. మన ముచ్చట మన చెఱువులకు శాపము కారాదు.

మా ఎనిమిది చేపలలో నొకటి మొదటి మందునకు ముందే మిక్కిలి చిక్కియుండి నిలువలేదు. ఏడు నిలిచినవి. వేసవి సెలవులలో వానిలో నొకటి పిల్లలను కన్నది. ఇప్పుడు మా యింట క్రొత్త చేప వచ్చిననాడు మా చిన్నది క్యాలెండరులో పాలలెక్క ప్రక్కన నాలుగు వారములు లెక్కించి గుర్తు పెట్టును. ఆ తేది రాకముందు మేము కలుప బోయినను చేయి పట్టుకొని ఆపును.